నాన్న డబ్బాలో రాగి సెంటు

"డబ్బా నీదే, కాదన్లేదు. లోపల నాణేలు మాత్రం ముట్టుకోవద్దన్నానా లేదా?" జయసాగర్ మూడోసారి అడిగాడు.

"మా నాన్న డబ్బా, మా నాన్న నాణేలు. మధ్యలో మీ పర్మిషన్ ఏంటండీ?" ఏసుకుమారి మూడోసారీ అదే జవాబిచ్చింది.

ఆదివారం ఆమె తండ్రి కృపాల్ జ్ఞాపకార్థ కూడిక. ముప్పై ఏళ్లు ఓడల్లో వంటవాడిగా తిరిగిన ఆయన, పోతూ పోతూ కూతురికి మిగిల్చింది బిస్కెట్ డబ్బాడు అమెరికా చిల్లర. నిరుడు కాకినాడలో ఆయన భూస్థాపన జరుగుతుంటే ఆమె జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఫోన్‌ పట్టుకుని చూసింది. కనీసం ఆ నాణేలైనా ఆయన ఫోటో ముందు మెరుస్తూ ఉండాలని ఆమె పంతం.

భర్త జయసాగర్ ఆలోచన వేరు. కార్ల విడిభాగాల కంపెనీ అతన్ని ఇంటికి పంపి అయిదు నెలలైంది. ఏసుకుమారి వృద్ధాశ్రమంలో చేసే సగంపూట పనితోనే ఇల్లు నడుస్తోంది. ష్వైన్‌ఫర్ట్‌లో తక్కువ జీతానికి ఒక ఉద్యోగం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నంలోగా జవాబు చెప్పాలి. ఆ జీతం తలచుకుంటేనే అవమానంగా ఉంది. ఈలోగా వారం రోజులు వీడియోలు చూసి, పాత నాణెం తోమితే ధర పోతుందని తెలుసుకుని, నాణేల పండితుడయ్యాడు.

"లింకన్ బొమ్మ ఉంటే సెంటు, జెఫర్సన్ అయితే అయిదు, ఈ బుల్లిది పది," అని పదేళ్ల కూతురు ఫెలిషాకు పాఠం చెప్పాడు.

"అన్నిటికంటే చిన్నది పదా? పెద్దది అయిదా?"

"సైజులో ఏముందమ్మా! ఏడాది చూడాలి. ఇదిగో, పందొమ్మిది వందల నలభై మూడు. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడు సెంట్లు ఉక్కుతో చేశారు. పొరపాటున రాగివి కొన్ని వచ్చాయి. మనది చూడు, ఎర్రగా!"

దాని ఫోటో ఒక నాణేల వ్యాపారికి పంపితే ఆ ఉదయమే జవాబొచ్చింది. 'లక్ష యూరోలు' అన్న అంకె కనబడ్డాక మిగతా జర్మన్ చదివే ఓపిక జయసాగర్‌కు లేకపోయింది. బాల్కనీలోకి వెళ్లి, ష్వైన్‌ఫర్ట్ ఉద్యోగం వద్దని రెండు వాక్యాలు రాసి పంపాడు.

తిరిగొచ్చేసరికి సింకులో చింతపండు, ఉప్పు, స్టీలు పీచు. ఎర్ర నాణెం సగం బూడిదరంగుకి తిరిగింది.

"లక్ష యూరోలు తోమేశావు కదే!"

"రాగికి చింతపండు కాక పౌడరు పెడతారా?"

"అది నమ్ముకునే ఉద్యోగం వద్దన్నాను!"

ఏసుకుమారి కుళాయి కట్టేసింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆమె మళ్లీ కుళాయి తిప్పి ఇంకో నాణెం అందుకుంది. అతను సగం తోమిన నాణెం జేబులో వేసుకుని, వ్యాపారితో బేరం మాట్లాడటానికి ఫెలిషాను తీసుకుని ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కాడు. దారి పొడవునా తల్లి నిర్వాకాన్ని కూతురికి వివరించాడు. ఫెలిషా అతని ఫోన్ తీసుకుని వ్యాపారి జవాబు మొదటి నుంచి చదివింది.

"డాడీ, లక్ష అంటే నిజమైనదైతేనేనట. ముందు మాగ్నెట్ పెట్టి చూడమన్నారు. అంటుకుంటే ఉక్కు మీద రాగి పూత. అప్పుడు యాభై సెంట్లు."

"ఇప్పుడు మాగ్నెట్ ఎక్కడ దొరుకుతుంది?"

"నీ ఫోన్ కవర్‌కే ఉందిగా."

నాణెం టక్కున వెళ్లి కవర్ మూతకు అంటుకుంది. అదే క్షణాన ఫోన్ మోగింది. ష్వైన్‌ఫర్ట్ వాళ్లు అతని నిర్ణయాన్ని గౌరవించారు. ఆ స్థానం మరొకరికి ఇచ్చేశారు.

తరువాతి స్టేషన్‌లో దిగి, ఇద్దరూ వెనక్కి వచ్చారు.

ఏసుకుమారి మిగతా నాణేలన్నీ తళతళలాడేలా తోమి ఫోటో ముందు పేర్చింది. భర్త చేతిలోది తీసుకుని వాటి పక్కనే పెట్టింది. భోజనాల దగ్గర, భర్తకూ కూతురికీ, ఫోటోలోని తండ్రికీ వినబడేటట్టు మెల్లగా చెప్పింది.

"మా వృద్ధాశ్రమంలో ఫుల్‌టైం అడుగుతున్నారు కదా. ఒప్పుకున్నాను. ఆదివారం నుంచే డ్యూటీ. కూడికలో నాన్న గురించి నాలుగు మాటలు మీరే చెప్పండి. వచ్చినవాళ్లకు వంట కూడా మీరే చూసుకోండి."

ఆదివారం పొద్దున జయసాగర్ పులుసుకని చూస్తే, ఇంట్లో చింతపండు లేదు.