ఆదా అయిన అరగంట

మానవజాతి చరిత్ర అంటే ఆడవాళ్ల సమయాన్ని ఆదా చేసిన చరిత్రే. రుబ్బురోలు పోయి గ్రైండర్ వచ్చింది, కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా గంటలకు గంటలు మిగిలాయని పెద్దలు తేల్చారు. (మిగిలిన ఆ గంటల్ని మాత్రం ఇంతవరకు ఎవరూ చూసిన పాపాన పోలేదు.) ఈ మహాయజ్ఞంలో భాగంగా రెండు వేల నాలుగో సంవత్సరంలో బాన్సువాడకు కరెంటు ప్రెషర్ కుక్కర్ వేంచేసింది.

దాన్ని తెచ్చింది భాగ్యవతి. ఆమె బిచ్కుంద బడిలో టీచరు, రోజూ పొద్దున్నే బస్సెక్కాలి. ఆమె కోరిక చాలా చిన్నది. బస్సుకు ముందు కుర్చీలో కూర్చుని, వేడివేడిగా, మధ్యలో ఎవరూ పిలవకుండా ఒక్క గ్లాసు చాయ్ తాగాలి. పెళ్లయినప్పటి నుంచి ఆమె చాయ్ వంటింటి గట్టు మీద చల్లారుతూనే ఉంది. కూతురు వందనకు జడ వేస్తూ, చెవులు రెండూ కుక్కర్ విజిళ్లకు అప్పగించి, చివరికి ఆ చాయ్‌ని కషాయంలా గటగటా మింగి పరుగెత్తేది. నిజామాబాద్ ఎగ్జిబిషన్‌లో అమ్మేవాడు "విజిళ్లు లెక్కపెట్టే పని లేదమ్మా, మీట నొక్కి మర్చిపోండి, అరగంట మీదే" అన్నప్పుడు ఆమె ధర అడగలేదు. అరగంట నిజంగా నాదేనా అని మళ్లీ మళ్లీ అడిగి తెచ్చుకుంది.

కుక్కర్‌లో ఏ లోపమూ లేదని ముందే మనవి. బియ్యం, పప్పు, నీళ్లు పోస్తే కిమ్మనకుండా ఉడికించేది. దానికి కావలసింది ఒక్క కరెంటే. కరెంటు కోతకు బాన్సువాడలో ఒక పద్ధతి ఉండేది. ఒక వారం పొద్దున పోతే ఇంకో వారం మాపటికి పోయేది, జనం దానికి అలవాటు పడిపోతారేమోనని మధ్యలో మార్చేవారు. (కోత వేళలు కరెంటు ఆఫీసులో బోర్డు మీద రాసే ఉంచేవారు. కోత ఉన్నంతసేపు ఆ గదిలో చీకటి కాబట్టి ఎవరికీ కనపడేవి కావు.)

భాగ్యవతి భర్త రాజేశ్వర్‌ది చెరకు, వరి సేద్యం. కరెంటు సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. పొలంలో బోరు మోటరుకు ఆటో స్టార్టరు పెట్టాడు. కరెంటు ఏ వేళకొచ్చినా మోటరు తనంతట తానే లేచి నీళ్లు పోస్తుంది, రైతు హాయిగా పడుకోవచ్చు. ఆ చుట్టుపక్కల సేద్యమంతా అలాగే నడుస్తోంది.

"గింతదానికి ఫికరెందుకు?" అన్నాడతను. "మాపటికే అన్నీ పోసి మీట నొక్కి పెట్టు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ఉడుకుతది. మోటరు నడుస్తలేదా?"

"మోటరుకు ఆకలైతదా? పిల్ల బడికి పోవాలె."

"కరెంటొచ్చినప్పుడే తినాలె ఇగ. అలవాటైతది."

అలవాటైంది. కొన్నాళ్లు కోడి కూయకముందే అన్నం తయారయ్యేది, కొన్నాళ్లు మిట్టమధ్యాహ్నం దాటాక. "అమ్మా, ఇయ్యాల పొద్దటి అన్నం మాపటికొస్తదా?" అని వందన అడిగేది. నానీ నానీ పులిసిన బియ్యం, పప్పు బర్రె తొట్టిలో పడేవి. (ఈ ఆధునిక విధానాన్ని బర్రె మాత్రం మనస్ఫూర్తిగా స్వాగతించింది.) చివరికి భాగ్యవతి పొద్దున లేచి, ఉడకని నాడు కుక్కర్‌ను ఖాళీ చేసి కడిగి, మళ్లీ గ్యాస్ వెలిగించి, విజిళ్లు లెక్కపెట్టుకుంటూ వండేది. ఇదివరకు ఒక వంట, ఇప్పుడు ఒకటిన్నర.

రాజేశ్వర్ ఉపాయం గల్లీ అంతా పాకింది. పక్కింటి హనుమాయమ్మ కూడా కుక్కర్ కొని, "మా ఇంట్లోనూ నొక్కి పెట్టేశానండీ" అని సంబరంగా చెప్పింది. ఇక కరెంటు రాగానే గల్లీలోని కుక్కర్లన్నీ ఒక్కసారే లేచేవి. ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయేది. అలా కోత లేని వేళల్లో కూడా కరెంటు లేకుండా చేసుకునే స్థాయికి ప్రజలే ఎదిగారు.

ఈ ప్రగతిని కొలవడానికి ఒకనాడు పొద్దున్నే రామబ్రహ్మం అనే అధికారి వచ్చాడు. విద్యుత్ వంట ప్రయోజనాల మదింపు విభాగంలో ఆయన సమయ పొదుపు అధికారి. భాగ్యవతి ఆయనకూ రాజేశ్వర్‌కూ చాయ్ ఇచ్చి, తన గ్లాసు గట్టు మీద పెట్టింది.

"టీచరమ్మా, మీట నొక్కాక కుక్కర్ దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారు?"

"నిలబడుడే లేదు సార్. కరెంటు రాక గ్యాస్ మీద వండుతున్న."

"గ్యాస్ మా పరిధిలోకి రాదమ్మా. కరెంటు వంటకు మీరు వెచ్చిస్తున్న సమయం సున్నా. అంటే ఆదా సంపూర్ణం." ఆయన ముఖం నిజంగానే వెలిగిపోయింది. "జిల్లాలో ఇంత గొప్ప ఫలితం ఇంకెక్కడా రాలేదు."

భాగ్యవతికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నది బయటికొచ్చింది.

"మంచిది సార్. అయితే నా అరగంట నాకియ్యుండ్రి. గా చాయ్ తాగి పోత."

"ఇవ్వడానికే వచ్చానమ్మా. అయితే నిబంధన ఒకటుంది. ఆదా అయిన సమయం మీటరు ఎవరి పేరున ఉంటే వారికే చెందుతుంది. ఇక్కడ పండరి గారి పేరుంది. ఎవరాయన?"

"మా మామ. పోయి చానేండ్లయింది."

"అభ్యంతరం లేదు. చనిపోయినట్టు ఆయన స్వయంగా మాకేమీ తెలియజేయలేదు." రామబ్రహ్మం చేతిలోని కాగితాలు తిరగేశాడు. "పైగా ఆయనకు తీరికకు లోటు లేదు కాబట్టి వారసుడు వాడుకోవచ్చు. ఎవరైనా ఉన్నారా?"

రాజేశ్వర్ కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తాడు.

మూల మీద బస్సు హారన్ కొట్టింది. భాగ్యవతి గట్టు మీది చల్లని చాయ్‌ని గటగటా మింగి, సంచీ భుజానికి వేసుకుని పరుగెత్తింది. రాజేశ్వర్ కుర్చీలో వెనక్కి వాలి, తండ్రి నుంచి సంక్రమించిన అరగంటలో, వేడి చాయ్ నిదానంగా తాగాడు. మధ్యలో ఎవరూ పిలవలేదు.