పీర్జాదిగూడ నలభై ఒకటో పెట్టె

ఆ ఆదివారం పొద్దున నరేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి అన్నోజిగూడలో బావమరిది రిషి కొత్తింట్లో సత్యనారాయణ వ్రతానికి కూర్చోవడం, ఒంటిగంటకు ఆఫీసు నుంచి పిలుపొచ్చిందని లేవడం, మూడున్నరకల్లా ఉప్పల్ స్టేడియంలో కూర్చుని మొదటి బంతి చూడడం. మధ్యలో ఒకే ఒక్క అబద్ధం. అబద్ధానికి కాళ్లుండవని ఎవరో చెప్పగా నమ్మాడు. కాళ్లు లేకపోతేనేం, దానికి బండి ఉంటుంది.

నాచారంలో పరంధామయ్య గారి ఇంటర్నెట్ కంపెనీలో నరేందర్ ఇంజినీరు. ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ దాకా స్తంభాల మీదా, మేడల మీదా ఆ కంపెనీ పెట్టెలు రెండొందలకు పైగా వేలాడుతుంటాయి. ఇంటింటికీ నెట్ పంచేవి అవే. ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉంది. నిమిషానికోసారి ప్రతి పెట్టెనూ పేరుపెట్టి పిలవడం దాని ఉద్యోగం. పలికితే సరే. పలకకపోతే ఆ వారం డ్యూటీలో ఉన్నవాడి ఫోన్‌కు మెసేజ్ కొడుతుంది. వాడు పది నిమిషాల్లో 'ఓకే' అని తిరిగి కొట్టాలి. కొట్టకపోతే మెసేజ్ ఆ పైవాడికి పోతుంది. పైవాడూ కొట్టకపోతే పరంధామయ్య గారికే పోతుంది.

ఇంత ఏర్పాటు ఉన్నా ఇంజినీర్లు హాయిగా నిద్రపోయేవారు. ఒకడైతే ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు. పొద్దున లేచి చూస్తే అది వణికిన వణుకుకు సగం బియ్యం నూకలై ఉన్నాయి. వాళ్లింట్లో ఆ వారమంతా ఉప్మాయే.

పరంధామయ్య గారు గుడివాడ వైపు మనిషి. ఆలోచించి ఆలోచించి ఒక మందు కనిపెట్టారు. ప్రతి ఇంజినీరు నంబరుకూ అతని భార్య నంబరు జతచేశారు. మెసేజ్ వస్తే ఇద్దరికీ ఒకేసారి వస్తుంది. "ఇంజినీరుని లేపడం యంత్రం వల్ల కాదయ్యా. అది ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని" అన్నారు.

మందు పనిచేసింది. కొంచెం ఎక్కువే పనిచేసింది. అంతకుముందు ఏళ్ల తరబడి "లింక్ పోయింది" అన్న రెండు మాటలు ఆ ఇంజినీర్లకు దేవుడిచ్చిన వరం. అత్తగారింటి పిలుపులూ, చీరల షాపులూ, చుట్టాల చెవులు కుట్టడాలూ అన్నీ ఆ రెండు మాటల మీద దాటేసేవారు. ఇప్పుడు ఆ మాట అంటే చాలు, భార్య తన ఫోన్ తీసి చూసి "నాకు రాలే గదా" అంటోంది.

నరేందర్ భార్య కావ్య అతని మేనమామ కూతురే. అబద్ధం చెప్పేటప్పుడు అతని చెవులు ఎర్రబడతాయని ఆమెకు ఐదో ఏట నుంచీ తెలుసు. శనివారం నాడే తేల్చి చెప్పింది.

"బావా, తమ్ముని లగ్గంల లింక్ పోయిందని లేసినవ్. అమ్మ ఆపరేషన్ నాడు లింక్ పోయిందన్నవ్. రేపు గూడ ఉత్తుత్తగ పోయిందనుకో, నేను అన్నోజిగూడలనే ఉంట. నువ్వు లింక్‌తోనే కాపురం జేస్కో."

కాబట్టి ఈసారి మెసేజ్ నిజంగా రావాలి. కానీ నడుస్తున్న పెట్టెను ఆపితే వంద ఇళ్లకు నెట్ పోతుంది. నరేందర్‌కు అంత పాపం చేయడానికి మనసొప్పలేదు. ఆదివారం పొద్దున్నే ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, కంపెనీ కంప్యూటర్‌లోకి దూరి, లేని పెట్టెనొకదాన్ని పుట్టించాడు. పీర్జాదిగూడలో ఉన్నవి నలభై. ఇతను 'పీర్జాదిగూడ-41' అని రాశాడు. ఒంటిగంట నుంచి దాన్ని పిలవమని కంప్యూటర్‌కు చెప్పాడు. లేని పెట్టె ఎంత పిలిచినా పలకదు కదా. రాత్రి ఇంటికొచ్చాక కొట్టేస్తే దాని పుట్టుకా చావూ ఎవరికీ తెలియవు.

వ్రతం నడుస్తోంది. అయ్యగారు నాలుగో కథలో ఉండగా సరిగ్గా ఒంటిగంటకు రెండు ఫోన్లు ఒకేసారి మోగాయి. నరేందర్ ఇల్లు కాలిపోయినవాడి మొహం పెట్టి లేచాడు.

"నలభై ఒకటి పోయింది కావ్యా. నేను పోక తప్పదు."

కావ్య ఫోన్ చూసుకుంది. "అవ్, నాకు గూడ వచ్చింది. నిజంగనే పోయింది." నరేందర్ ఊపిరి వదిలాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "నడు, నేను గూడ వస్త."

"ఎండల నువ్వెందుకు?"

"పీర్జాదిగూడ ఎంత దూరం? జేసుకోని తిరిగొద్దం. నువ్వు తినకపోతే తమ్ముడు ముద్ద ముట్టనంటున్నడు."

అవతల మామ హన్మయ్య తువ్వాల తలకు చుట్టుకుంటున్నాడు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు లైన్‌మన్. ఒకసారి ఆయనకు షాక్ కొడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని, ఆయనకు మాత్రం తుమ్ము వచ్చిందని ఆయనే చెబుతాడు.

"అల్లుడా, పీర్జాదిగూడల నేనెక్కని స్తంభం లేదు. నువ్వు సూపియ్యి, నేనెక్కుత" అని షామియానావాళ్ల నిచ్చెన ఆటోలో వేయించాడు.

నరేందర్ 'ఓకే' కొడదామని ఫోన్ తీశాడు. కావ్య దాన్ని లాక్కుని తన బ్యాగులో వేసుకుంది. "బండి నడిపేటోనికి ఫోన్ ఎందుకు?"

దారిలో పది నిమిషాలు దాటాయి. మెసేజ్ పైవాడికి బయల్దేరింది.

పీర్జాదిగూడలో ఒక వీధి చివర, ఏదో ఒక స్తంభం దగ్గర నరేందర్ బండి ఆపాడు. "ఇదే అనుకుంట."

హన్మయ్య ఎక్కాడు. "అల్లుడా, ఈడ కాకి గూడు తప్ప ఏం లేదు."

"అయితే అవతలిది మామా."

"ఈడ ట్యూషన్ బోర్డు ఉన్నది."

"దాని పక్కది."

"ఈడ ఎవల్దో లుంగి ఉన్నది. పచ్చిగనే ఉన్నది, ఇప్పుడే ఆరేసినట్టున్నరు."

కావ్య స్తంభాలను చూడడం మానేసి భర్త చెవులను చూడడం మొదలుపెట్టింది.

అంతలో శివ వచ్చాడు. డ్యూటీలో నరేందర్ పైవాడతనే. తలకు రంగు వేసుకుంటుండగా భార్య దుర్గాభవాని ఫోన్ మోగింది, ఆమె ఉన్నపళంగా బయటికి తోసింది. ఎడమ సగం నల్లగా, కుడి సగం తెల్లగా, రెండు వయసుల మనిషిలా దిగాడు. రంగు చేతులతో 'ఓకే' కొట్టడం కుదరలేదట.

అతన్ని చూసి నరేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. పీర్జాదిగూడ పెట్టెలన్నీ చూసుకునేవాడు శివే. నలభై ఒకటి అనేది లేనే లేదని అతనొక్క మాటంటే, కంప్యూటర్‌దే తప్పని తేలిపోతుంది. కానీ ఒక చిక్కుంది. నెలనెలా "పెట్టెలన్నీ స్వయంగా చూసి తుడిచితిని" అని శివ రిపోర్టు రాస్తాడు. రాసేది ఉప్పల్ చౌరస్తాలో చాయ్ తాగుతూ.

"నలభై ఒకటా?" అన్నాడు శివ, రెప్ప వేయకుండా. "మొన్ననే తుడిచిన గదన్నా. అద్దం లెక్క మెరిసింది."

"యాడ తుడిచినవ్?" అంది కావ్య.

"గీడ్నే వదినా. ఇదే గల్లీల."

ఇంకో పది నిమిషాలకు పరంధామయ్య గారి కారు వచ్చింది. మధ్యాహ్నం కునుకులో ఉండగా మెసేజ్ తన ఫోన్‌కూ, భార్య రాజ్యం గారి ఫోన్‌కూ వచ్చింది. తాను పెట్టిన మందు తానే మింగి వచ్చారు. నరేందర్ మళ్లీ ఆశపడ్డాడు. పెట్టెలు కొన్నదాయనే, లెక్క తెలియకుండా ఉంటుందా. అయితే ప్రతి దసరాకూ ఆయుధపూజ ముగిశాక ఆయన "ఈ పెట్టెలన్నీ నా బిడ్డలయ్యా, ఒక్కొక్కదాని మొహం గుర్తే నాకు" అని కళ్లు తుడుచుకుంటారు. తన బిడ్డను ఎరగనని ఏ తండ్రి అంటాడు?

"నలభై ఒకటి నాకు తెలీకపోవడమేంటి? ఈ స్తంభానికే నేను దగ్గరుండి కొబ్బరికాయ కొట్టి మరీ పెట్టించాను" అన్నారు. అది లుంగీ ఉన్న స్తంభం.

"పెట్టినోళ్లున్నరు, తుడిచినోళ్లున్నరు. మరి పెట్టె యాడికి పోయింది?" అంది కావ్య.

ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే మిగిలింది. ఎవరో ఎత్తుకుపోయారు. వీధి వీధంతా పోగైంది. అక్కడే ఉండే చిదంబరం అనే పెద్దమనిషి ముందుకొచ్చి, ఆ పెట్టె పోయినప్పటి నుంచి, అంటే మూడు రోజులుగా, తన ఇంట్లో నెట్ నత్తలా ఉందన్నాడు. అప్పటికి పెట్టె పుట్టి ఏడు గంటలైనా కాలేదు. ఆయన అంతటితో ఆగలేదు. పొద్దున చెత్త ఆటోలో నల్లటి పెట్టె ఒకటి పోతుంటే కళ్లారా చూశానన్నాడు.

చెత్త ఆటో వీధి మలుపులోనే ఉంది. దాన్ని నడిపే వెంకటనర్సమ్మ రెండో ట్రిప్పు నింపుకుని జవహర్‌నగర్ చెత్త గుట్టకు పోవడానికి చేతులు కడుక్కుంటోంది. అందరూ వెళ్లి చుట్టుముట్టారు.

"ఏమ్మా, మా పెట్టె ఏం చేశావు?" అన్నారు పరంధామయ్య గారు.

"నీ పెట్టె నాకెందుకు సారూ? నా దగ్గర తడి చెత్త, పొడి చెత్త రెండే ఉంటయ్. మీరు ఏ డబ్బల వడ్తరో చెప్పున్రి, ఎక్కించుకుంట."

"నోరు చూడు. శివా, పోలీస్ స్టేషన్‌కి ఫోన్ కొట్టు."

ఆ మాటకు మాత్రం వెంకటనర్సమ్మ మొహం మారింది. తడి చేతులు చీరకు తుడుచుకుంది. "గట్ల జేయకున్రి సారూ. కేసయితే రేపు పొద్దుగాల నా ఆటో ఇంకొకరికిస్తరు. నేను తియ్యలే."

శివ ఫోన్ తీశాడు. మూడు కావస్తోంది. ఇప్పుడు నోరు మూసుకుంటే నరేందర్ పెట్టె బయటపడదు, కాపురం నిలుస్తుంది, ఒక్క పరుగు తీస్తే మ్యాచ్ కూడా అందుతుంది. అతను శివ చేతిలోని ఫోన్ మీద చెయ్యి పెట్టాడు.

"ఆమెను ఇడిసిపెట్టున్రి సార్. ఆ పెట్టె ఎవ్వరు తియ్యలే. అసలు అది లేనేలేదు. పొద్దుగాల నేనే కంప్యూటర్ల పుట్టిచ్చిన. మ్యాచ్‌కు పోదామని."

పరంధామయ్య గారు శివను చూశారు. శివ చిదంబరాన్ని చూశాడు. చిదంబరం ఆకాశాన్ని చూశాడు.

"లేని పెట్టెకి నేను కొబ్బరికాయ కొట్టానా?" అన్నారు పరంధామయ్య గారు మెల్లగా.

"లేనిదాన్ని నేను తుడిచిన్నా అన్నా?" అన్నాడు శివ, మనసు నొచ్చుకుని.

"కండ్లార సూసినదాన్ని లేదంటడేంది?" అన్నాడు చిదంబరం.

"పొద్దటి సంది ఉపాసం సార్. అల్లునికి ఎండదెబ్బ తలిగింది" అని హన్మయ్య ఒక బిందె నీళ్లు తెప్పించి అల్లుడి నెత్తిన గుమ్మరించాడు. నరేందర్ తడిసిన నోటితో ఇంకో రెండుసార్లు అదే చెప్పాడు. చెప్పినకొద్దీ నీళ్లు పోశారు. కావ్య మాత్రం ఎర్రబడని అతని చెవులను చూస్తూ నిలబడింది.

వెంకటనర్సమ్మ ఇదంతా చూసింది. ఇరవై ఏళ్లుగా జనం పారేసేవి చూస్తున్న మనిషి. వీళ్లకు నిజం తప్ప ఇంకేదిచ్చినా తీసుకుంటారని అర్థమైపోయింది. పొడి చెత్త సంచిలో చెయ్యి పెట్టి వెతికి, ఎవరో పారేసిన పాత వైఫై పెట్టెను బయటికి లాగింది. దానికి ఒక చెవి విరిగి ఉంది, అరటి తొక్క అంటుకుని ఉంది.

"గల్లీల దొరికితే ఏరి పెట్టిన. గిదేనా?"

"గిదే. నేను తుడిచింది గిదే" అన్నాడు శివ.

పరంధామయ్య గారు దాన్ని రెండు చేతులా అందుకున్నారు. తొక్క తీసేశారు. కళ్లు చెమర్చాయి. "చిక్కిపోయిందయ్యా" అన్నారు.

హన్మయ్య స్తంభమెక్కి లుంగీ కిందికి విసిరి, పెట్టె కట్టి, కరెంటు ఇచ్చాడు. శివ పక్క స్తంభం నుంచి తీగ లాగాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్న నరేందర్, పరంధామయ్య గారి కారులోని లాప్‌టాప్ అడిగి తీసుకుని, పొద్దున తాను పుట్టించిన నంబరును దానికి పెట్టాడు. కంప్యూటర్ పిలిచింది. విరిగిన చెవితోనే అది పలికింది. మూడున్నరకు అందరి ఫోన్లూ, వాళ్ల భార్యల ఫోన్లూ మోగాయి. 'పీర్జాదిగూడ-41 బాగున్నది' అని మెసేజ్. వీధివాళ్లు చప్పట్లు కొట్టారు. తన ఇంట్లో నెట్ గాలిలా ఉరుకుతోందని చిదంబరం అక్కడే నిలబడి చెప్పాడు.

పరంధామయ్య గారు వెంకటనర్సమ్మకు దండం పెట్టారు. "దండాలెందుకు సారూ. మీ ఆఫీసుల తడిది, పొడిది ఏరు జేసి పెట్టున్రి, సాలు" అని ఆమె ఆటో స్టార్ట్ చేసింది.

ఇద్దరూ బండి మీద అన్నోజిగూడ బయల్దేరారు. ఘట్‌కేసర్ రోడ్డెక్కాక కావ్య అంది, "నువ్వు చెప్పింది నేను నమ్మిన బావా."

"నమ్మినవా?" అన్నాడు నరేందర్. ఆశా భయమూ రెండూ ఉన్నాయి ఆ మాటలో. "మరి... అన్నోజిగూడలనే ఉంటవా ఇగ?"

"ఎందుకుంట? గా అవ్వ కోసం నోరు తెరిచినవ్, గందుకు ఇంటికొస్త. మ్యాచ్ కోసం పెట్టెను పుట్టిచ్చినవ్, గందుకు మీ సార్‌తోని ఒక మాట మాట్లాడిన."

"ఏం మాట?"

ఏం మాటో మంగళవారం తెలిసింది. ఉప్పల్‌లో ఒక పెట్టె నిజంగానే ఆగిపోయింది. మెసేజ్ నరేందర్‌కూ, కావ్యకూ, అత్తకూ, మామకూ, రిషికీ, వ్రతం చేయించిన అయ్యగారికీ ఒకేసారి వెళ్లింది. నరేందర్ బండి తీసేలోగా ఐదుగురు ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగారు. పెట్టె దగ్గరికి చేరేసరికి హన్మయ్య నిచ్చెన వేసుకుని కూర్చుని ఉన్నాడు. అయ్యగారు మంచి ఘడియ చూసి చెబుతానన్నాడు.

నెలాఖరున శివ చాయ్ తాగుతూ రిపోర్టు రాశాడు. పీర్జాదిగూడలో అన్నిటికంటే బాగా పనిచేస్తున్నది నలభై ఒకటో పెట్టేనని, దాన్ని రోజూ స్వయంగా తుడుస్తున్నానని అందులో ఉంది. పరంధామయ్య గారు చదివి సంతకం పెట్టారు.

ఆ ఆదివారం ఆ వీధిలో నిజం చెప్పింది ఒక్కడే. శిక్ష పడిందీ ఆ ఒక్కడికే.