పాజిటివ్ మందు, నెగెటివ్ అరగంట

ఒంట్లో బాగాలేని మనిషికి డాక్టరు కంటే, మందు కంటే, ఆఖరికి కంటినిండా నిద్ర కంటే కూడా ముఖ్యమైనది ఒకటుంది. నలుగురూ వచ్చి "పాజిటివ్‌గా ఉండండి" అని చెప్పడం! ఈ మాట కనిపెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే ప్రతి ఆసుపత్రి గేటు దగ్గరా విగ్రహం పెట్టించవచ్చు. ఖర్చు లేదు, చీటీ అక్కర్లేదు, చెప్పినవాళ్లకి వెంటనే గుణమిస్తుంది. విన్నవాళ్ల సంగతంటారా? ప్రతి మందూ అందరికీ పడాలని ఎక్కడుంది?

నమ్మకం కుదరకపోతే మన కెమిస్ట్రీ టీచరమ్మ సంగతి వినండి.

ఆవిడకి రొమ్ములో గడ్డ. బయాప్సీ రిపోర్టులో "పాజిటివ్" అని వచ్చింది. ఆ ముక్క చదివి భర్త, "హమ్మయ్య, పాజిటివేనట" అని ఊపిరి పీల్చుకున్నాడు. పాపం, ఆయన బస్సు డిపోలో టైం కీపరు. ఆసుపత్రిలో ఆ మాట మంచిది కాదని ఆవిడే నెమ్మదిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. వెంటనే సర్దుకుని, "అయినా మనం పాజిటివ్‌గా ఉండాలి" అన్నాడు. చూశారా ఎంత చక్కటి మాటో? రోగానికీ అదే, మందుకీ అదే.

ఆ వారంలోనే పెద్దాడపడుచు, అంటే టీచరమ్మకి వదిన, పెట్టె సర్దుకుని దిగింది. వంటింట్లో చెయ్యి పెట్టదు గాని, ధైర్యం చెప్పడంలో ఆరితేరిన మనిషి. ఫ్రిజ్ మీద "చిరునవ్వే మందు" అని స్టిక్కరు. అద్దం మీద "గెలుపు నాదే" అని స్టిక్కరు. బాత్రూం తలుపు లోపలివైపు "ఈ క్షణాన్ని ఆస్వాదించు" అని ఇంకొకటి. కీమో ఎక్కించుకుని వచ్చి, కడుపులో తిప్పేస్తుంటే, ఆ తలుపుకేసి చూస్తూ కూర్చునే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి? పై వాటా ఆయనేమో తెల్లారేసరికల్లా సూర్యోదయం బొమ్మ వాట్సాప్ చేస్తాడు. ఆవిడ జుట్టు దువ్వెనతోపాటు ఊడి వచ్చేసిన రోజున "రాలిన ప్రతి ఆకు వెనకా ఒక చిగురు" అని పంపాడు. టైమింగ్ అంటే అదీ.

టీచరమ్మకి కావలసింది చాలా చిన్నది. ఎవరైనా ఒకరి ఎదురుగా కూర్చుని "నాకు భయంగా ఉంది" అనాలి. అన్నాక వాళ్లు ఏమీ అనకూడదు. అంతే.

అది జరిగే పనా? "నాకు..." అనగానే, "అదిగో, నెగెటివ్ మాటలొద్దన్నానా" అంటూ వదిన చెయ్యి అడ్డం పెట్టేది. భర్తతో అందామంటే ఆయన చటుక్కున మంచినీళ్ల గ్లాసు అందించేవాడు. ఈ కీమో మందు ఎక్కించుకున్నవాళ్లు నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మూత్రాశయం దెబ్బతింటుంది అని నర్సు చెప్పిన దగ్గర్నుంచి ఆయనకి అదొక గొప్ప ఆసరా. ఆవిడ ఏ సంగతి ఎత్తినా ఒక గ్లాసు నీళ్లు. నోట్లో నీళ్లుండగా ఎవరు మాత్రం మాట్లాడగలరు?

మూడో విడత కీమో దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం వదిన ఫోన్లో ఏదో ధైర్యవచనాల వీడియో పెట్టబోయింది. టీచరమ్మకి ఓపిక నశించింది. క్లాసులో బోర్డు వైపు తిరిగే ముందు చేసినట్టే గొంతు సవరించుకుంది.

"వదినా, నాకెక్కిస్తున్న మందు ఎలా పనిచేస్తుందో తెలుసా?"

"తెలియకపోతేనేం, పనిచేస్తుందని నమ్మాలి."

"అది ఆల్కైలేటింగ్ మందు. వెనకటికి యుద్ధంలో జనం మీద వదిలిన విషవాయువుంది చూడండి, దాని వంశం. ఎక్కించేటప్పుడు సాధువులా ఉంటుంది. లివర్లోకి వెళ్లాక బుద్ధి మారుతుంది. పాజిటివ్ అయిపోతుంది."

"చూశావా, మందు కూడా!" వదిన మురిసిపోయింది.

"వినండి. అలా అయ్యాక నెగెటివ్ ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. కణంలో డీఎన్‌ఏ అని జిప్పులాంటిది ఉంటుంది, అక్కడ దొరుకుతుంది. దాన్ని పట్టుకుని, జిప్పు రెండు వైపులనీ కలిపి కుట్టేస్తుంది. ఇక జిప్పు తెరుచుకోదు. కణం రెండు కాలేక చస్తుంది. అదీ వైద్యం."

"మరి జుట్టేం పాపం చేసింది?" అన్నాడు భర్త.

"మందుకి మనవాళ్లెవరో పైవాళ్లెవరో తెలీదండీ. తొందర తొందరగా పెరిగేదాన్నల్లా పట్టుకుంటుంది. క్యాన్సరూ అంతే, జుట్టు కుదుళ్లూ అంతే."

ఇంతవరకూ పాఠం సరైనదే, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ఆ తర్వాతి ముక్క మాత్రం సర్వీసు మొత్తంలో ఆవిడ చెప్పిన మొదటి తప్పు పాఠం.

"ఇప్పుడు చెప్పండి వదినా. పొద్దస్తమానం మీరు నన్ను పాజిటివ్ చేసేస్తుంటే, ఒంట్లో నెగెటివ్ ఎక్కడ మిగులుతుంది? మందు దేన్ని పట్టుకోవాలి?"

అణువుకుండే ఛార్జికీ మనిషి మనసుకీ ఏ సంబంధమూ లేదని ఆవిడకి తెలుసు, మీకూ తెలుసు. వదినకి తెలీదు. మొహం మాడ్చుకుని లేచి వెళ్లి, ఫ్రిజ్ మీది స్టిక్కరు పీకింది. సగమే ఊడింది.

రోజూ సాయంత్రం ఒక అరగంట నెగెటివ్ అని తీర్మానమైంది. ఆ అరగంటలో ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పకూడదు.

మర్నాడు ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. టీవీ కట్టేశారు. టీచరమ్మ తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకుని, ఇన్నాళ్లూ దాచుకున్న మాట కోసం నోరు తెరిచింది.

"నాకు భయంగా ఉంది."

అన్నది ఆవిడ కాదు, భర్త. "నువ్వు నిద్రపోతే ఊపిరాడుతోందో లేదో అని చూస్తూ కూర్చుంటున్నానే. డిపోలో రాని బస్సులు వచ్చాయని చెబుతున్నాను. నాకేం పాలుపోవడం లేదు" అంటూ భోరుమన్నాడు. తమ్ముణ్ని చూసి అక్క కూడా మొదలెట్టింది. "ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని స్టిక్కర్లు అంటిస్తున్నానురా."

టీచరమ్మకి జాలేసింది, ఒళ్లు మండింది కూడా. అయినా ఒక చేత్తో ఆయన వీపు, ఇంకో చేత్తో వదిన భుజం నిమురుతూ, "ఏం కాదు, పాజిటివ్‌గా..." అనబోయి నాలుక కరుచుకుంది.

కాబట్టి మళ్లీ మనవి చేసేదేమిటంటే, పాజిటివ్ మాట దివ్యమైన మందే, సందేహం లేదు. కాకపోతే ఈ ఇంట్లో ఇన్నాళ్లూ జబ్బు ఇద్దరిదైతే మందు మూడో మనిషి చేత మింగించారు.

భర్త కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ నీళ్ల గ్లాసు ఆవిడకి అందించాడు. అరగంటలో ఇంకా కాస్త మిగిలే ఉంది. ఆవిడ ఆ గ్లాసు తిప్పి ఆయన చేతికే ఇచ్చింది.

"మీరు తాగండి," అంది. "ఇప్పుడు నేను మాట్లాడతాను."