నలభై ఒకటో షరతు

ఆ రోజు ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా అక్కను ఆసుపత్రిలో చేర్చడం, మూడో అంతస్తు కౌంటరులో బంధువు తరఫున ఒక సంతకం పెట్టడం, పదింటికి అక్క ఆపరేషన్ గదిలోకి వెళ్తే బయట బల్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కోవడం. ఇందులో తమ్ముడు చెయ్యాల్సిన పనల్లా ఆ సంతకం ఒక్కటే. అక్కకు ఆపరేషన్ కన్నా ఎక్కువ భయం దాని గురించే.

తమ్ముడు గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి. అక్కడివాళ్లు ఆయనకు పెట్టిన పేరు ఒప్పుకోనాయన. తెర మీద ‘ఒప్పుకుంటున్నాను’, ‘ఒప్పుకోను’ అని రెండు మీటలు కనిపిస్తే లోకమంతా మొదటిది నొక్కేసి తన పని తాను చూసుకుంటుంది. ఈయన మాత్రం షరతులన్నీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకూ చదివి, ఆ తర్వాత రెండోది నొక్కుతాడు. సాఫ్ట్‌వేర్ అన్నది ఎవరైనా విప్పి చూసుకునేలా, మార్చుకునేలా, పక్కవాడికి పంచిపెట్టేలా ఉండాలని, తాళం వేసి అమ్మేది ఏదైనా సరే గుమ్మం తొక్కకూడదని ఆయన సిద్ధాంతం. వేరే కంపెనీ సిరా పోస్తే మొరాయించే ప్రింటర్ల మీద, కొనుక్కున్నా ఒకనాటి పొద్దుటికి మాయమయ్యే పుస్తకాల మీద, జనం రాసుకున్నదంతా అడక్కుండా మింగేసి తెలివి మీరిన యంత్రాల మీద ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిని టీ తాగేటప్పుడు చెబుతాడు. అందుకే గ్రంథాలయంలో ఇప్పుడు ఎవరి టీ వాళ్లు ఎవరి బల్ల దగ్గర వాళ్లే తాగుతున్నారు. చిక్కేమిటంటే, ఆయన చెప్పేవి చాలావరకు నిజాలే.

అక్క దర్జీ పని చేస్తుంది. అమ్మ చనిపోయినప్పటి నుంచి తమ్ముణ్ణి పెంచింది ఆమే. వాడు మొదటి కంప్యూటరు తెచ్చుకున్నప్పుడు దానికి దుమ్ము పట్టకుండా పూలగుడ్డతో ముసుగు కుట్టిచ్చింది. పెళ్లెప్పుడు చేసుకుంటావని అడగడం మానేసి పదిహేనేళ్లయింది. ఇప్పుడామె రొమ్ములో గడ్డ. ‘ఇది ఆగే రకం కాదు, నెల దాటితే పాకుతుంది’ అన్నాడు సర్జన్. ఆ సర్జనే సాయంత్రం నాలుగింటికి విమానాశ్రయానికి బయలుదేరుతున్నాడు. మళ్లీ వచ్చేది ఆరు వారాల తర్వాత. అలాంటి ఆపరేషన్ చేసే చెయ్యి ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

నిజానికి సంతకం ముందురోజే ఇంట్లో అయిపోవాలి. ఆసుపత్రివాళ్లు షరతులన్నీ రోగి ఫోనుకే పంపిస్తారు. అయితే అక్క ఫోనును తమ్ముడు రెండేళ్ల క్రితమే శుద్ధి చేశాడు. తాళం ఉన్నవన్నీ ఊడబెరికి, స్వేచ్ఛగా దొరికేవి మాత్రమే మిగిల్చాడు. అప్పటినుంచి అందులో మాట్లాడటం తప్ప ఇంకే పనీ జరగదు. అదీ ఒక్కోసారి ఒక వైపు నుంచే వినిపిస్తుంది.

“ఒరేయ్, ఇవాళ ఒక్కరోజుకి చదవకురా,” అంది అక్క ఆసుపత్రి గౌను చేతిలో పట్టుకుని. “నీకు దణ్ణం పెడతా. నొక్కెయ్, అంతే.”

“అలాగేలే అక్కా. ఎందుకలా భయపడతావ్? ఊరికే ఒకసారి పైపైన చూసి నొక్కేస్తా.”

ఆ ‘పైపైన’ అన్న మాట వినగానే అక్క కళ్లు మూసుకుంది. నర్సు ఆమెను లోపలికి తీసుకెళ్లింది.

కౌంటరు మీద నాలుగు ట్యాబ్‌లు ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా మెలికలు తిరిగిన తీగతో బల్లకు కట్టేశారు. కళ్లజోడుకు గొలుసు తగిలించుకున్న గుమస్తావిడ తల ఎత్తకుండానే ఒకటి ముందుకు తోసింది.

“ఒప్పుకుంటున్నానని నొక్కండి సార్. అర నిమిషం పని.”

“కాయితం మీద ఉందాండీ?”

“కాయితాలు పోయి ఏడాదయింది సార్. ఇప్పుడంతా కంపెనీ సాఫ్ట్‌వేరే. ఆపరేషన్ గది తలుపు కూడా డాక్టరుగారు ట్యాబ్‌లో ఆ సాఫ్ట్‌వేరులోకి వెళ్తేనే తెరుచుకుంటుంది.”

తలుపు సంగతి వినేసరికి ఒప్పుకోనాయనకు ఒళ్లు మండింది. అయినా పళ్లు బిగబట్టి, అక్క ముఖం గుర్తు తెచ్చుకుని, వేలు మీట దాకా తీసుకెళ్లాడు. అక్కడ చిన్న అక్షరాల్లో ‘ఎనభై నాలుగు పేజీలు’ అని కనిపించింది. వేలు దానంతటదే పక్కకు జరిగింది.

తొమ్మిదిన్నరకు నలభయ్యో పేజీలో నలభై ఒకటో షరతు దొరికింది. ఆపరేషన్ గదిలో తీసిన బొమ్మలు, వినబడిన మాటలు, రోగి శరీరం నుంచి సేకరించిన సమస్త వివరాలు కంపెనీ సొంతమట. వాటితో కంపెనీ తన యంత్రాలకు పాఠాలు చెప్పుకోవచ్చట, ఎవరికైనా ఇవ్వొచ్చట. ఆ వివరాల్లో తప్పు దొర్లి ఏం జరిగినా బాధ్యత మాత్రం కంపెనీది కాదట, వాటిని నమ్మిన డాక్టరుదట.

“చూశారా!” అన్నాడు ఒప్పుకోనాయన. ఎవరితోనూ కాదు. ఇరవై ఏళ్లుగా ఆయన ఆ మాట ఎవరితో అన్నా చూసినవాళ్లు లేరు. అయితే ఈసారి వెనక నిలబడ్డ పెద్దమనిషి మెడ చాచి చూశాడు. ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి మానుకున్నవాడు, భార్య పిత్తాశయంలో రాళ్లు తీయించడానికి వచ్చాడు.

“ఏముంది సార్ అందులో?”

జీవితంలో మొదటిసారి ఒక మనిషి తనంతట తాను అడిగాడు. ఒప్పుకోనాయన గొంతు సవరించుకున్నాడు. ఉన్నదున్నట్టు చదివి వినిపించాడు, విడమరిచి చెప్పాడు, ప్రింటరు సిరా దగ్గర మొదలుపెట్టి మాయమైన పుస్తకాల మీదుగా మళ్లీ నలభై ఒకటో షరతు దగ్గరికి వచ్చాడు. డ్రైవరు అర్థమైనంత మేరకు తన వెనకాయనకు చెప్పాడు. మీ ఆవిడ ఒంట్లోంచి తీసేవి కంపెనీ ఉంచుకుంటుందట అన్నాడు. వరస చివరికి చేరేసరికి బాగున్నవి కూడా తీసి ఉంచుకుంటారని తేలింది. మెట్ల దగ్గర నిలబడ్డ కాపలా మనిషి, వచ్చేవారం తన తల్లికి కూడా ఇక్కడే ఆపరేషన్ కావడంతో, టోపీ తీసి వరసలో చేరాడు.

పదింటికి పది నిమిషాల ముందు గుమస్తావిడ లేచి నిలబడింది.

“దర్జీగారి తరఫువాళ్లు! ఇంకా నొక్కలేదేంటి సార్? గది సిద్ధంగా ఉంది. ఆవిడ్ని తీసుకెళ్లాలి.”

ఇక్కడ నొక్కేసి ఉంటే ఈ కథ లేదు. నొక్కాలనే ఆయనకూ అనిపించింది. అక్క రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదని తెలుసు. అయితే చుట్టూ ముప్ఫైమంది ఉన్నారు, ముప్ఫైమందీ ఆయన వేలి వంకే చూస్తున్నారు. అంతమంది ఆయన మాట వినడం అదే మొదలు. ఆ సుఖం ఆయనకు కొత్త.

“ఐదు నిమిషాలు ఆగండి,” అన్నాడు గంభీరంగా. “చదవకుండా ఒప్పుకోవడం బానిసత్వం. ఇక్కడున్న ప్రతి ఒక్కరూ చదవాలి. పూర్తిగా చదవాలి!”

“చదవాలి!” అన్నారు ముప్ఫైమంది.

గొడవ విని పరిపాలనాధికారి పరుగున వచ్చాడు. నీళ్లలో నానినట్టు చెమట. బతిమాలాడు, బెదిరించాడు, అందరికీ కాఫీ ఇప్పిస్తానన్నాడు. చివరికి కంపెనీకి ఫోను చేసి పక్కకు వెళ్లాడు. పది నిమిషాల తర్వాత ముఖం కళకళలాడుతూ తిరిగొచ్చాడు.

“అయిపోయింది! మీ కోరిక న్యాయమైనదేనని కంపెనీవాళ్లు కూడా అన్నారు. ఇంతకాలం వాడని ఏర్పాటు ఒకటి అందులోనే ఉందట. పెట్టేశాం. ఇకమీదట ప్రతి పేజీ రెండు నిమిషాలు కదలకుండా నిలబడుతుంది. ఎనభై నాలుగూ అయ్యాకే మీట కనిపిస్తుంది. చదవలేదన్న మాట ఎవరూ అనడానికి వీల్లేదు!”

జనం చప్పట్లు కొట్టారు. ఒప్పుకోనాయన కూడా రెండు చప్పట్లు కొట్టి, మూడోదానికి చేతులు గాల్లోనే ఆపేశాడు. ఎనభై నాలుగు పేజీలు, పేజీకి రెండు నిమిషాలు. తన ట్యాబ్ వంక చూశాడు. అది మొదటి పేజీకి వెళ్లిపోయి ఉంది.

“ఇదుగో, నేను సగం చదివేశానండీ! నలభయ్యో పేజీలో ఉన్నాను!”

“అందరికీ ఒకటే నియమం సార్. మీరే కదా ప్రతి ఒక్కరూ అన్నారు.”

“పోనీ ఇది తీసెయ్యండి. ఒక్క మూడు గంటలు తీసెయ్యండి. అక్కడ మా అక్క...”

“ఒకసారి పెడితే ఒక రోజంతా ఉంటుందట. మా చేతుల్లో ఏం లేదు సార్, తాళం కంపెనీ దగ్గర ఉంటుంది.” పరిపాలనాధికారి అమాయకంగా చేతులు చాపాడు. “లోపల విప్పి చూడ్డానికి మాకేం హక్కు?”

ఇరవై ఏళ్లుగా టీ బల్ల దగ్గర తాను చెబుతున్న మాట అది. ఇంకొకరి నోట వినడం ఎలా ఉంటుందో ఒప్పుకోనాయనకు అప్పుడు తెలిసింది.

పదీ నలభైకి మొదటి పేజీ మొదలైంది. ‘స్వాగతం’ అన్న ఒక్క మాట రెండు నిమిషాలు నిలబడింది. జనం పలచబడ్డారు. కొందరు మళ్లీ వస్తామని వెళ్లారు. డ్రైవరు కాసేపు పక్కనే కూర్చుని, ఆరో పేజీ దగ్గర, “రాళ్లే కదా సార్, ఉంచుకుంటే ఉంచుకోనీ,” అని లేచిపోయాడు. పన్నెండింటికి గౌనులో ఉన్న అక్కను చక్రాల కుర్చీలో తోసుకుంటూ నర్సు బయటికి తెచ్చింది. అక్క పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“నొక్కావా?”

“నలభయ్యో పేజీలో ఉన్నానక్కా.”

అక్క తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. ఆమె వేలు చాపి తెరను నొక్కింది. తెర కదల్లేదు. “ఎప్పుడూ ఇంతేరా నువ్వు,” అని మాత్రం అంది. “చిన్నప్పుడు జ్వరమొస్తే మందు సీసా మీద ఉన్నదంతా చదివితేగానీ మింగేవాడివి కాదు. నేను ముక్కు మూసి పోసేదాన్ని.” ఆమెను మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. ఒప్పుకోనాయనకు తెర మీద అక్షరాలు మసకబారాయి. తుడుచుకోవాల్సింది తెర కాదని అర్థం కావడానికి ఒక పేజీ పట్టింది.

ఒంటిగంట దాటి ఇరవై ఎనిమిదికి చివరి పేజీ తొలగి మీట కనిపించింది. ఆయన దాన్ని వేలితో కాదు, అరచేత్తో కొట్టాడు. ఒప్పుకున్నాడు. నలభై ఒకటో షరతుతో సహా, బతుకులో మొదటిసారి, అన్నింటికీ ఒప్పుకున్నాడు. గుమస్తావిడ లోపలికి కబురు చేసింది. ఆపరేషన్‌కు గంటన్నర చాలు, నాలుగింటిలోపే అయిపోతుంది అంది. ఒప్పుకోనాయన బల్ల మీద కూలబడి గోళ్లు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. పథకం మళ్లీ దారిలో పడింది.

రెండయింది. రెండున్నరయింది. ఆపరేషన్ గది మీద ఎర్రదీపం వెలగలేదు. అక్క మంచం తలుపు బయటే ఉంది. మూడు కావస్తుండగా పక్క గదిలోంచి సర్జన్ వచ్చాడు. ఒంటి మీద ఆకుపచ్చ బట్టలు, చేతిలో ట్యాబ్, ముఖం జేవురించి ఉంది. చదివించే ఏర్పాటు రోగుల బంధువులకే కాదు, ఆ సాఫ్ట్‌వేరులోకి వెళ్లే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుందని పరిపాలనాధికారికి తెలియదు. గది తలుపు తెరవడానికని ట్యాబ్ అందుకున్న సర్జన్ గంటా ఇరవై నిమిషాలుగా పేజీలు చదువుతూ కూర్చున్నాడు.

“ఈ నలభై ఒకటో షరతు ఎవరైనా చదివారా?” అని అరిచాడు. “నా చేతులు చేసే పనంతా వాళ్ల సొంతమట! వాళ్ల యంత్రం తప్పు చూపిస్తే జైలుకు నేను వెళ్లాలట! ఏడాదిగా రోజూ దీన్ని నొక్కుతున్నానా నేను? చచ్చినా ఒప్పుకోను. ఇది తీసేసేదాకా ఆ తలుపు తెరవను.”

ఇరవై ఏళ్లుగా ఒప్పుకోనాయన ఎదురుచూసిన మనిషి ఆయనే. చదివాడు, అర్థం చేసుకున్నాడు, కోపం తెచ్చుకున్నాడు. ఒప్పుకోనాయన ఒక్క ఉదుటున లేచి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“సార్, ఒప్పుకోండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా. ఇవన్నీ ఎవరు చదువుతారు సార్? అందరూ నొక్కేస్తారు. కళ్లు మూసుకుని నొక్కెయ్యండి. మిగతా పేజీలు నేను పట్టుకుని కూర్చుంటా.”

“ఇంకా నలభై నాలుగు పేజీలున్నాయి. అవి అయ్యేసరికి నా విమానం వేళవుతుంది. అయినా సమయం కాదు ఇక్కడ ప్రశ్న,” అన్నాడు సర్జన్, చేతులు విడిపించుకుంటూ. ఎంతో జాలిగా ఆయన వంక చూశాడు. “ఏమీ అనుకోకండి. మీలాంటివాళ్లు చదవకుండా నొక్కబట్టే ఇలాంటివన్నీ మన నెత్తి మీదికి వస్తున్నాయి.”

నాలుగింటికి ఆయన కారు వెళ్లిపోయింది. అక్క గౌను విప్పి, పొద్దున కట్టుకొచ్చిన చీర కట్టుకుని, సంచీతో కౌంటరు దగ్గరికి వచ్చింది. నీళ్లు తాగితే గొంతులో పట్టేసి చాలాసేపు దగ్గింది. గుమస్తావిడ నలభై రెండు రోజుల తర్వాతి తేదీ చెప్పి, అక్కడితో ఆగకుండా మంచి మనసుతో ఇంకో మాట కూడా చెప్పింది.

“ఈసారి కూడా షరతులు ముందే ఫోనుకు పంపిస్తాం అమ్మా. ఇంట్లో తాపీగా చూసుకుని నొక్కండి.”

మెట్లు దిగుతుంటే తమ్ముడు సంచీ అందుకోబోయాడు. అక్క ఇవ్వలేదు. రెండో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. గడ్డ ఉన్న వైపు చెయ్యి దానంతటదే వెళ్లింది.

“ఆ డాక్టరు చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒకటేనా?”

“ఒకటే అక్కా.”

“అయితే నువ్వు చెప్పేది నిజమేనన్నమాట.” ఇంతకాలానికి ఆమె ఆ మాట అంది. ఆయనకు దానికన్నా దెబ్బ తగిలినా బాగుండుననిపించింది. ఆమె ఇంకో నాలుగు మెట్లు దిగింది. “నాకొక ఫోను కొనిపెట్టరా. అందరి దగ్గరా ఉండేది.”

కింది అంతస్తు చేరాక ఒప్పుకోనాయన, ఏ కంపెనీది కావాలని అడిగాడు.