తలుపు మీద ఎర్ర తువ్వాల

ఆ రోజుకు రఘుపతి పెట్టుకున్న పని ఒక్కటే, నిద్రపోవడం. వినడానికి తేలికే కాని, ఇరవై ఏళ్లుగా గనిలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం నడుపుతున్నవాడికి పగటి నిద్ర పిలవగానే వచ్చే చుట్టం కాదు. ఆ నెలలోనే రెండుసార్లు రాత్రి షిఫ్టులో కునుకుతూ అండర్ మేనేజర్ జగదీశ్వర్ కంటబడ్డాడు.

"మిషిన్ మీదికెళ్లి తీసేస్త. పైన బొగ్గుపొడి ఊడ్సుకుంటుందువు. లెటర్ వస్తది, సంతకం పెట్టు," అన్నాడాయన. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తాడు జారనివ్వని మనిషికి ఆ మాటతో తిండి సహించడం మానేసింది.

కరీంనగర్‌లో డిగ్రీ చదివే కూతురు దీప దీనికొక మందు కనిపెట్టింది. తండ్రి ఫోనులో చైనా పాటల ఆల్బమ్ ఒకటి ఎక్కించింది.

"మన పాటలైతే నువ్వు మాటల ఎంబడి పోతవు నాయిన. ఇందుల ఒక్క ముక్క సమజ్ కాదు. ఒకటి గుడిల భజన లెక్క, ఒకటి బారాత్ లెక్క, ఒకటి తిట్టినట్టు, ఒకటి ఏడ్సినట్టు, అన్ని కలిపిండ్రు. ఏందని అడగకు. పండుకో."

భార్య జమున ఏడున్నరకు ఇంత అన్నం పెట్టి, స్పీకరును కిటికీలో కూలరు పక్కన నిలబెట్టి, ఇంట్లో అలికిడి ఉండకూడదని మందమర్రిలోని అక్క ఇంటికి బస్సెక్కింది. పోతూ పోతూ తలుపుకు ఎర్ర తువ్వాల కట్టింది. ఆ క్వార్టర్ల వాడలో తువ్వాల కట్టిన తలుపును ఎవరూ తట్టరు. లోపల నైట్ షిఫ్టు మనిషి నిద్రపోతున్నాడని గుర్తు. కూరగాయల బండివాడు కూడా ఆ ఇంటి ముందు గొంతు తగ్గించుకుంటాడు.

రెండో పాట పూర్తికాకముందే రఘుపతి మునిగిపోయాడు. కలలో గనిలోకి వెన్నెల దిగింది. పట్టాల మీద నీళ్లు నిండి, టబ్బులు పడవల్లా కదిలాయి. ఎవరో అమ్మాయి తెలియని భాషలో పాడుతుంటే తాడు తనంతట తానే మెల్లగా చుట్టుకుంటోంది. అతనికి ఏ భయమూ లేదు.

భయమంతా బయట పుట్టింది. ఆల్బమ్ అయిపోయి మళ్లీ మొదలయ్యేసరికి పక్క క్వార్టర్ సారక్క వాకిలి ఊడుస్తోంది. సన్నగా గంటలు, వెనుక పదిమంది కలిసి మంత్రం చదువుతున్నట్టు రాగం. ఆమె చీపురు ఆగిపోయింది.

"వ్రతం జేస్తున్నరు. మనం రావొద్దని తువ్వాల కట్టిండ్రు," అని వాడలో పది ఇళ్లకు గుసగుసగా చెప్పొచ్చింది. అది దొంగ తువ్వాలని నమ్మినా, తలుపు మాత్రం తట్టలేదు. తువ్వాల తువ్వాలే.

టెంట్ హౌస్ గులాం అలీ అటుగా వచ్చేసరికి పాట మారి, డోళ్లు, సన్నాయి అందుకున్నాయి.

"వ్రతంల సన్నాయి ఏందక్కా? పిల్ల లగ్గం ఖాయం జేస్తున్నరు."

"మనకు జెప్పకుంటనా?"

"జెప్పకుంటే ఏమాయె? వచ్చినోళ్లు నిలబడితే రఘుపతన్న ఇజ్జత్ పోతది. నాది గూడ పోతది."

అరగంటలో వాకిట్లో పందిరి లేచింది, నలభై కుర్చీలు పడ్డాయి. తువ్వాల కట్టిన ఇంటి ముందు చప్పుడు కూడదని గులాం అలీ ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు, అంతా తాళ్లతోనే కట్టించాడు. షిఫ్టు దిగినవాళ్లు, షిఫ్టుకు పోవలసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అంతలో లోపల ఒక మగగొంతు ఊపిరి తీసుకోకుండా గడగడా అందుకుంది. కూలరు హోరులో మాటలు తెలియలేదు.

"పిల్లగానోళ్లు లొల్లి వెట్టుకున్నరు," అంది సారక్క. ఆ తర్వాత ఆడగొంతు సాగదీసి వెక్కేసరికి ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, దీప ఏడుస్తున్నది. లగ్గం తప్పిపోయింది."

ఇక ఎవరు మాత్రం లేచి పోగలరు?

పదకొండింటికి జగదీశ్వర్ లెటరు జేబులో పెట్టుకుని స్వయంగా వచ్చాడు. అంతకుముందు రెండుసార్లు పంపిన గుమస్తా ఈ వాడలో పెరిగినవాడే కావడంతో తువ్వాల చూసి వెనక్కి వచ్చేశాడు.

"తలుపు కొట్టుండ్రి," అన్నాడాయన.

"నైట్ షిఫ్టాయన పండుకున్నడు సార్," అంది సారక్క.

"మరి ఈ ఫంక్షన్ ఏంది?"

"ఫంక్షన్ ఫంక్షనే, నిద్ర నిద్రే. కూసోండ్రి."

ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు. లోపల నీటిచుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నట్టు ఏదో వాయిద్యం మొదలైంది. దాని మీద వేణువు లేచి, పొగలా పందిరంతా పాకింది. ఆ నలభై మందిలో కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. మొదట గులాం అలీ తల వాలింది, తర్వాత సారక్క కొంగు జారింది. తెల్లవారుజామున లేచి డ్యూటీకి వచ్చిన జగదీశ్వర్ నోరు తెరుచుకుంది.

పన్నెండున్నరకు రఘుపతి లేచాడు. ఒళ్లు దూదిలా ఉంది. ఎన్నేళ్లకో ఇంత నిద్ర పట్టిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు తీశాడు. పందిరి కింద నలభై మంది, వాలిన తలలు, వేలాడే చేతులు. గనిలో పనిచేసేవాడికి ఇలాంటిది చూస్తే వచ్చే ఆలోచన ఒక్కటే. గ్యాసు.

రెస్క్యూ స్టేషన్‌కు ఫోను కొట్టాడు. తలుపు మీది తువ్వాలను నీళ్ల గోళెంలో ముంచి ముక్కుకు కట్టుకున్నాడు. దగ్గరగా దొరికిన మనిషిని చంకల కింద పట్టి రోడ్డు దాకా ఈడ్చాడు. అది జగదీశ్వర్. ఆయన జేబులోంచి లెటరు జారి రఘుపతి కాళ్ల దగ్గర పడింది.

"ఏంజేస్తున్నవ్ రఘుపతీ?" అన్నాడాయన కళ్లు తెరిచి.

"గ్యాసు సార్. లేవకుండ్రి."

అంతలో సైరన్ కొడుతూ రెస్క్యూ వ్యాను వచ్చింది. నలభై మంది ఒక్కసారి లేచారు. వ్యానులోంచి దిగిన రెస్క్యూ మనిషి సదానందం గ్యాసు మీటరు పట్టుకుని పందిరంతా తిరిగి, రిపోర్టు పుస్తకం తెరిచాడు.

"గ్యాసు ఏం లేదు. సార్ డ్యూటీ టైంల పడిపోయిండు. ఎందుకని రాయాలె?"

డ్యూటీలో నిద్రపోతే ఏమవుతుందో ఆ వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. జగదీశ్వర్ నుదురు చెమటలు కక్కుతోంది. రఘుపతి కాళ్ల దగ్గర పడ్డ లెటరు తీసి చదివాడు, ఆయన ముఖం చూశాడు. కోపం రావలసిన చోట జాలి వచ్చింది.

"ఎండదెబ్బ అని రాయి అన్న," అన్నాడు. "నిద్దుర ఎవలకైనా నిద్దురనే."

జగదీశ్వర్ లెటరు తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. రఘుపతి మెడలోకి జారిన తడి తువ్వాల అడిగి ముఖం తుడుచుకున్నాడు.

"ఆ పాటలు నాకు గూడ పంపు," అని తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్న స్పీకరును చూపి మెల్లగా చెప్పి, తువ్వాల భుజాన వేసుకునే పోయాడు.

"మరి లగ్గం?" అంది సారక్క.

"ఎవలది?" అన్నాడు రఘుపతి.

మరునాటి మధ్యాహ్నం ఫైళ్లతో పోయిన గుమస్తా, అండర్ మేనేజర్ గది తలుపుకు ఎర్ర తువ్వాల కనిపించగానే చెప్పులు చేతబట్టుకుని వెనక్కి వచ్చేశాడు.