పిల్లల వార్డు కోసం కణాన్ని ఆపించిన వైనం

కంటికి కనిపించని కణాన్ని వెతకడానికి కంటికి కనిపించే ప్రజల సొమ్ములోంచి చిల్లిగవ్వ కూడా ఇచ్చేది లేదని విజ్ఞాన శాఖ మంత్రిగారు ప్రకటించారు. అంతటి మహావాక్యం ఆయన నోట పలికించిన ఘనత ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డు హెడ్ నర్సుది.

నిజానికి ఆవిడ తమ్ముడి తరఫున నాలుగు మంచి మాటలు చెబుదామనే, ఆ వెతుకులాట మీద మంత్రిగారు పెట్టిన ప్రజాభిప్రాయ సభకు వెళ్ళింది. తమ్ముడు పద్దెనిమిదేళ్ళుగా భూమి లోపలి సొరంగంలో, అణువుల ముక్కలను ఢీకొట్టించే పెద్ద మిషన్ దగ్గర శాస్త్రవేత్త.

ముందు అతన్నే లేపారు. "ఆ కణం ఉందా?" అన్నారు మంత్రిగారు.

"తెలీదు సార్. అదే వెతుకుతున్నాం."

"లేదని తేలితే?"

"లేదని తెలుస్తుంది సార్. అదీ పనికొచ్చే సంగతే."

"లేదని మేం ఊరికే చెబుతున్నాం కదయ్యా! దానికి సొరంగం దేనికి?"

హాలు ఈలలతో మారుమోగింది. తర్వాత మంత్రిగారి చూపు, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి యూనిఫాంలోనే కూర్చున్న ఆవిడ మీద పడింది. "ఏం సిస్టర్, కణం దొరికితే మీ వార్డుకేమైనా ఒరుగుతుందా?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. అబద్ధం చెప్పడం చేతకాలేదు. "ఏమో సార్. నా వార్డులో ముప్ఫై మంచాలకు రెండే ఆక్సిజన్ మిషన్లు. వాళ్ళ మిషన్ ఒక్కరోజు తాగే కరెంటు ఖర్చుతో ఇంకో నాలుగు వస్తాయనుకుంటా."

ఆ డబ్బు ఇక పిల్లల వార్డుకేనంటూ మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. కెమెరామన్‌కు అందలేదంటే ఇంకోసారి తుడుచుకున్నారు.

ఇంటికి వెళ్ళాక తమ్ముడికి అన్నం పెడుతూ ఆవిడే కదిపింది. "నీ పొట్ట కొట్టానా రా?"

"నువ్వన్నది నిజమే కదక్కా. ఆ ప్రశ్న నేనూ చాలాసార్లు వేసుకున్నాను. కాకపోతే ఆ డబ్బు నీ వార్డుకే వస్తుందని ఎవరన్నారు?"

"మంత్రిగారే అన్నారు రా!"

"అయితే సరే," అని తమ్ముడు మజ్జిగ అడిగాడు.

వారం తిరక్కుండా ఆవిడకు డెప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. 'ప్రజాధన పరిరక్షణ ఉద్యమం' పేరుతో మంత్రిగారు ఊరూరా సభలు పెడుతుంటే, ఆవిడ వెంట తిరిగి ఆ ఒక్క మాటా చెప్పాలి. మొదటి ఊళ్ళో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆరో ఊరికల్లా చదవమని ఇచ్చిన కాగితం మీద 'ఒక్కరోజు' కాస్తా 'ఒక్క నిమిషం' అయింది, నాలుగు మిషన్లు నాలుగు వందలయ్యాయి.

"ఈ లెక్క తప్పండీ," అంది ఆవిడ మంత్రిగారి పీఏతో.

"లెక్కలు సైంటిస్టులు చూసుకుంటారు. మీరు చదవండి."

"వాళ్ళనందర్నీ తీసేశారు కదా!"

"అందుకే మేం చూసుకుంటున్నాం."

సొరంగం మూత కూడా అంతే చురుగ్గా జరిగింది. ఏళ్ళ తరబడి గడ్డకట్టే చలిలో ఉంచిన మిషన్ అది, మెల్లగా వేడెక్కించి ఆపడానికి మూడు వారాలు పడుతుందని తమ్ముడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "స్విచ్ ఆపడానికి మూడు వారాలా?" అని మూయించడానికొచ్చిన ఆఫీసరు తానే స్వయంగా ఆపారు. లోపల ఏదో పేలింది. ప్రయోగం నాసిరకమని దాంతో రుజువైందని పత్రికా ప్రకటన వెలువడింది.

పదకొండో ఊళ్ళో ఉండగా వార్డు నుంచి జూనియర్ నర్సు ఫోన్ చేసింది. "మేడమ్, రెండో ఆక్సిజన్ మిషన్ కూడా ఆగిపోయింది. మీరెప్పుడొస్తారు?"

ఆవిడ పరుగున వెళ్ళి మంత్రిగారికి చెప్పింది. ఆయన చలించిపోయారు. "అద్భుతం సిస్టర్! ఈ సంగతి సాయంత్రం సభలో చేర్చండి."

ఆవిడ చేర్చలేదు. సభకే వెళ్ళలేదు. సంచీ సర్దుకుని, మూడు బస్సులు మారి మర్నాటికి ఆసుపత్రికి చేరింది. వార్డు తలుపు తీస్తే మంచాలు లేవు. కొత్త బల్లలు, కొత్త ఏసీ, మెడలో ఉద్యమం బ్యాడ్జీ వేసుకున్న గుమాస్తా.

"ఇక్కడి పిల్లలేరీ?"

"కొందరిని పెద్దవాళ్ళ వార్డులో సర్దారు. కొందరిని ఇళ్ళకు పంపేశారు. హెడ్ నర్సు నాలుగు నెలలుగా డ్యూటీలో లేదని నిన్ననే వార్డు మూసేశారమ్మా. ఖాళీగా ఉందని రాత్రికి రాత్రే ఉద్యమం ఆఫీసుకు ఇచ్చారు." మాట్లాడుతూనే గుమాస్తా ఆవిడను గుర్తుపట్టాడు. "అయ్యో, మీరా! కరెక్టు టైముకొచ్చారు. ఇది చూడండి."

గోడకు ఆనించి నిలువెత్తు ఫోటో. అందులో ఆవిడ బొద్దుగా ఉన్న ఒక పిల్లాణ్ణి ఎత్తుకుని నవ్వుతోంది.

"ఈ బాబెవరు? నేనెప్పుడూ ఎత్తుకోలేదే!"

"కంప్యూటర్లో కలిపారమ్మా. మంత్రిగారి మనవడు. ఆసుపత్రంతా వెతికినా ఇంత ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు దొరకలేదు." అతను సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "ఏ గోడకు కొట్టమంటారు?"