గంగాదాస్ ఇంట్లో గంగాదాస్ లేకపోవడంపై తీర్మానం

మనుషులు తప్పులు చేయడానికి పుట్టారు, ఆర్మూరు వాళ్ళు వాటిని పట్టడానికి పుట్టారు. ఈ విషయంలో దేశంలోని మరే పట్టణమూ మాకు సాటి రాదని ఘంటాపథంగా చెప్పగలను. కారణం పసుపు. రైతు ఏడాదంతా పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన కొమ్మును కొనేవాడు పుటుక్కున విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, "ఏం లేదు దీంట్ల" అని పెదవి కూడా విరుస్తాడు. తరతరాలుగా ఇది చూస్తూ పెరిగిన జనం దేన్నైనా విరిచి చూడందే నమ్మరు. పెళ్ళికి పిలిస్తే కూరలో ఉప్పు చూస్తారు, చావుకు పిలిస్తే పాడె ముడి చూస్తారు. (చావుకు ఎవరూ పిలవరు. వాళ్ళే వస్తారు, ముడి చూడటానికి.)

ఇంతటి ప్రతిభ వృథా కాకూడదనే సదుద్దేశంతో మా ఊళ్ళో 'గంగాదాస్ ఇల్లు తప్పుల నిర్ధారణ సంఘం' ఏర్పడింది. తెలియనివారి కోసం చెబుతున్నాను: 'గంగాదాస్ ఇల్లు' అనేది రోజూ సాయంత్రం టీవీలో వచ్చే బొమ్మల హాస్య ధారావాహిక. పసుపు పండించే గంగాదాస్, అతని భార్య నీలవ్వ, తల్లి ముత్తెమ్మ, ఒక బర్రె. అంతే కథ. గీసేవాళ్ళు హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో కూర్చుని గీస్తారు కాబట్టి, మొదటి భాగంలోనే గంగాదాస్ చేత నిచ్చెన వేయించి పసుపును చెట్టు మీద నుంచి కోయించారు. ఆ సాయంత్రం ఆర్మూరులో చాలా ఇళ్ళల్లో అన్నం కంచాల్లోనే చల్లారిపోయింది. మర్నాటికి సంఘం పుట్టింది.

సంఘం అధ్యక్షుడు గజేందర్. ఆయనది అడ్తి దుకాణం. రైతు పసుపును వ్యాపారికి అమ్మిపెడతాడు కాబట్టి ఇద్దరిలోనూ తప్పులు చూడటం ఆయన వృత్తిధర్మం. ఉపాధ్యక్షుడు అంకాపూర్ రైతు చిన్నన్న, బర్రె వ్యవహారాలన్నీ ఆయన పరిధిలోకి వస్తాయి. నిబంధనలు కఠినమైనవి. ఏ తప్పునైనా ఇద్దరు సాక్షులు చూసి ఉండాలి, ఆ సమయంలో వాళ్ళు నవ్వి ఉండరాదు (నవ్వేవాడి కంటికి తప్పు ఆనదని సంఘం అభిప్రాయం). ఫోటో జతచేయాలి. అన్నీ సరిపోతే సంఘం ముద్ర వేస్తుంది. ముద్ర పడిందంటే హైదరాబాద్ వాళ్ళు సరిచేయాల్సిందే.

చేయక ఎక్కడికి పోతారు? బర్రె ఎడమ కొమ్ము ఒక భాగంలో లోపలికీ, మరో భాగంలో బయటికీ తిరిగి ఉందని చిన్నన్న పట్టుకున్న రోజున ఆ సంస్థ ఫోన్లు మోగీ మోగీ వేడెక్కాయి. "కొమ్ము గిట్ల తిరిగినంక మల్ల గట్లెట్ల తిరుగుతదయ్యా? గది బర్రెనా, గడియారమా?" అని ఆయన రాజధానినే నిలదీశాడు. వారం తిరక్కుండా కొమ్ము సరిచేశారు. నీలవ్వ బీడీలు చుట్టే దారం రంగు మారితే సరిచేశారు. విత్తే కాలమైన వానల్లో పసుపు తవ్వించినందుకు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పి, తవ్విందంతా మళ్ళీ పాతిపెట్టారు. చివరికి మా బాధ పడలేక 'తప్పు తెలపండి' అని ఒక యాప్ తెచ్చి, సంధ్యారాణి అనే ఆవిడను ఒక భాగానికీ మరో భాగానికీ పొంతన చూసే అధికారిగా నియమించారు. (అంతకుముందు ఆవిడ బాగా నవ్వేదని సహోద్యోగులు చెబుతారు.) పొరుగున ఉన్న ముప్కాల్ వాళ్ళు కూడా సంఘానికి ఒక శాఖ పెట్టారు గానీ, వాళ్ళు ధారావాహికను సరదా కోసం చూస్తున్నారని రుజువు కావడంతో గుర్తింపు రద్దయింది.

వ్యవస్థ ఇంత సాఫీగా సాగుతుండగా వాణి ఫిర్యాదు వచ్చి పడింది.

వాణి బీడీలు చుడుతుంది. భర్త సుమన్ దుబాయ్‌లో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. కూతురు జ్యోత్స్న కడుపులో ఉండగా వెళ్ళాడు, పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. దానికి తండ్రి అంటే ఫోన్‌లో ఒక ముఖం, కాసేపు మాటలు, ఆ తర్వాత 'నెట్ పోయింది'. మరి ఇంట్లో ఉండే బాపు ఏం చేస్తాడు? ఆ సంగతి పిల్ల గంగాదాస్‌ను చూసి నేర్చుకుంది. బాపు గడప దగ్గర చెప్పులు విడుస్తాడు. మంచినీళ్ళు అడుగుతాడు. బర్రె మీద అరుస్తాడు, బర్రె లెక్కచేయదు. రోజూ ఆ వేళకు పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చి టీవీ ముందు పెట్టేది. వాణి చూసీ చూడనట్టు ఊరుకునేది.

అలాంటిది, ఉన్నట్టుండి గంగాదాస్ కనిపించడం మానేశాడు. చావలేదు, అలగలేదు, ఊరికి పోతున్నానని చెప్పలేదు. ఒకరోజు ఉన్నాడు, మర్నాడు లేడు. ధారావాహిక పేరు మాత్రం 'గంగాదాస్ ఇల్లు' అనే ఉంది. వారాలు గడిచాయి. బర్రె కొమ్ము వంకరను పట్టిన ఊళ్ళో ఒక్కరూ నోరెత్తలేదు.

పిల్ల నీళ్ళు పెట్టడం మానేసి, టీవీ ముందు ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టాక వాణి ఇక తట్టుకోలేక యాప్ తెరిచింది. తప్పు ఏ రకమో ఎంచుకోమంది: రంగు మారింది, వస్తువు మాయమైంది, పశువు. మనిషికి గడి లేదు. 'వస్తువు మాయమైంది' నొక్కింది. వస్తువు పేరు? గంగాదాస్. పరిమాణం? మనిషంత. చివరిసారి ఎక్కడ కనిపించింది? గడప కాడ. ఆ వస్తువు లేకున్నా ఇల్లు నడుస్తోందా? ఈ ప్రశ్న దగ్గర వాణి చాలాసేపు ఆగింది. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు కాబట్టి 'అవును' అని నొక్కింది.

సంధ్యారాణి స్వయంగా ఫోన్ చేసింది. "నిజం చెప్పాలంటే మేమే మర్చిపోయామండీ. గంగాదాస్‌కు గొంతు ఇచ్చే ఆయన మానేశారు. ఇంకొకరు దొరికేదాకా పక్కన పెడదామనుకున్నాం. ఎవరూ అడగలేదు, అలాగే ఉండిపోయింది. మీ సంఘం తప్పని ముద్ర వేస్తే చాలు, వచ్చే వారమే ఇంటికి తెచ్చేస్తాం."

వాణికి ఎగిరి గంతేయాలనిపించింది. ఒక మనిషిని ఇంటికి తేవడానికి ముద్ర ఒక్కటే చాలని ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

సమావేశం గజేందర్ దుకాణంలో, పసుపు బస్తాల నడుమ జరిగింది. వాణి పిల్లను కూడా వెంట తెచ్చింది.

"గజేందరన్నా, గంగాదాస్ నల్లపూసయిండు. ఏడికి పోయిండో ఎవ్వలు అడుగుతలేరు. గిది తప్పు గాదా?" అంది.

గజేందర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఎప్పటి సంది కనబడ్తలేడు?"

"ఊర పండుగ ముందటి సంది."

"గప్పటి సంది గా ఇంట్లకు కొత్త సామాను ఏమన్న వచ్చిందా?"

వాణి గుర్తు చేసుకుంది. "ఫ్రిజ్ వచ్చింది. గోడలకు రంగులేసిన్రు."

సభ యావత్తూ ఊపిరి పీల్చుకుంది. "గట్ల చెప్పు మరి!" అన్నాడు గజేందర్. "మనిషి పోయిండు, ఫ్రిజ్ వచ్చింది. పొంతన మంచిగనే కుదిరింది. ఫ్రిజ్ రాకుంటే అడగాలె."

"మా ఇంట్ల గూడ ఫ్రిజ్ వచ్చిందన్నా. పిల్ల దాన్ని బాపు అని పిలుస్తదా?"

ఉపాధ్యక్షుడు చిన్నన్న అందుకున్నాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బిడ్డా? నీలవ్వ అడుగుతలేదు, ముత్తెమ్మ అడుగుతలేదు. ఆఖరికి బర్రె గూడ అడుగుతలేదు." (బర్రె విషయంలో ఆయన మాటే తుది నిర్ణయం.)

"నీలవ్వ బొమ్మ, కాకా! అడగమని రాస్తేనే అడుగుతది. నాకు ఎవ్వలు రాసియ్యాలె?" వాణికి ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. "కొమ్ము వంకర పోతే ఊరంత లేచిన్రు. మనిషి పోతే ఒక్కలు లేస్తలేరు. సిగ్గనిపిస్తలేదా మీకు?"

గజేందర్ గొంతు తగ్గించాడు.

"చెల్లె, నువ్వనేది నాకు సమజ్ గాక గాదు. నా తమ్ముడు మస్కట్ల ఉన్నడు. చిన్నన్న కొడుకు ఖతర్ల ఉన్నడు. గీడ కూసున్నోళ్ళల్ల ఎవ్వలింట్ల చూసినా గదే కథ. టీవీల గిది తప్పని ముద్దర ఏసినమనుకో, మనం ఇండ్లకు పోయి ఏం ముఖం పెట్టుకోవాలె?"

అప్పుడు జ్యోత్స్న అధ్యక్షుడి చొక్కా లాగింది. "గంగాదాస్ బాపు గూడ దుబాయ్ పోయిండా?"

"పోయిండు బిడ్డా."

"మల్ల ఎప్పుడొస్తడు?"

(ఎజెండాలో లేని ప్రశ్నలకు జవాబివ్వరాదని సంఘం నిబంధన. దాన్ని అప్పటికప్పుడు చేశారు.)

ఇది తప్పు కాదనేవాళ్ళను చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటిగా అన్నీ లేచాయి. వాణి పిల్లను చంకనేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. సంఘం ఆమోదించి, ముద్ర వేసి, హైదరాబాద్‌కు పంపిన తీర్మానం పూర్తి పాఠం ఇది:

"గంగాదాస్ ఇంట్లో లేకపోవడం ఈ ప్రాంతపు ఆచార వ్యవహారాలకు పూర్తిగా అనుగుణంగా ఉన్నందున దాన్ని తప్పుగా పరిగణించరాదు. ఇకపై ఏ భాగంలోనైనా ఆయన ఇంట్లో కనిపిస్తే మాత్రం దాన్ని తప్పుగా నమోదు చేసి, వెంటనే సరిచేయించాలి."